మాట్లాడితే జుర్మానా: విద్యార్థులు కట్టిన 'మాటల అరుగు' వెలివేతను దాటగలదా?

ఉత్తర తెలంగాణ పల్లెల్లో ఒక దళిత కుటుంబాన్ని వెలివేయాలంటే కంచె వేయనక్కర లేదు, గోడ కట్టనక్కర లేదు. ఒక్క చాటింపు చాలు. ఫలానా వాళ్లతో ఎవరూ మాట్లాడొద్దు, కూలికి పిలవొద్దు, కిరాణం దుకాణంలో సామాను ఇవ్వొద్దు, గిర్నీలో పిండి పట్టొద్దు, ఆటోలో ఎక్కించుకోవద్దు. కాదన్న వాళ్లకు ఇంత జుర్మానా. నిజామాబాద్, నిర్మల్, జగిత్యాల జిల్లాల్లో గ్రామాభివృద్ధి కమిటీల పేరుతో, జనం నోట్లో వీడీసీల పేరుతో సాగుతున్న పెత్తనం ఇది. ఈ కమిటీలకు చట్టబద్ధత లేదు. అయినా చాలా ఊళ్లలో సర్పంచ్ మాట కన్నా వీటి మాటే చెల్లుతుంది.

ఈ చాటింపులో ఒక కిటుకు ఉంది. జుర్మానా వెలికి గురైన వాళ్లమీద పడదు, వాళ్లతో మాట్లాడిన వాళ్లమీద పడుతుంది. అంటే వెలివేతను నిలబెట్టేది ఊరందరి ద్వేషం ఒక్కటే కాదు, ఊరందరి భయం కూడా. పక్కింటామెకు మాట్లాడాలని ఉండొచ్చు. కానీ తాను ఒక్కతే మాట్లాడి దొరికిపోతానని భయం. ఈ సంగతి గుర్తు పెట్టుకుని చూస్తే, ఒంటరి మనుషులను కలపడానికి ప్రపంచంలో విద్యార్థులు కనిపెట్టిన కొన్ని సాధనాలు మనకు కొత్తగా కనిపిస్తాయి. అవి ఏమిటి, ఎలా పనిచేస్తాయి, భైంసా లాంటి చోట ఏమేరకు పనికొస్తాయి, ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నది ఈ వ్యాసం.

రెండు రకాల ఒంటరితనం

ఒంటరితనం ఇప్పుడు ప్రపంచ ప్రభుత్వాలు మాట్లాడుకునే విషయం. బ్రిటన్ 2018 జనవరిలో ఒంటరితనం కోసం ప్రత్యేకంగా ఒక మంత్రిని పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 నవంబరులో సామాజిక అనుబంధాలపై ఒక కమిషన్ వేసింది. 2025 జూన్‌లో వచ్చిన ఆ కమిషన్ నివేదిక ప్రకారం ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారు. ఏడాదికి 8,71,000 మరణాలకు దానితో సంబంధం ఉందని అంచనా.

ఈ చర్చలో ఎక్కువగా కనిపించేది ఒక రకం ఒంటరితనమే. ఊరు మారినవాళ్లు, పిల్లలు దూరమైన ముసలివాళ్లు, ఫోన్‌లో మునిగి మనుషులకు దూరమైన యువకులు. వీళ్లను ఎవరూ వద్దనలేదు. దారి తప్పింది, అంతే. దారి చూపిస్తే కలుస్తారు.

మనం అనుభవిస్తున్నది ఇంకొక రకం. అది ఎవరో ఒకరు పనిగట్టుకుని విధించింది. దీనికి తెలుగులో పాతకాలం నుంచీ పేరుంది: వెలి. అంబేద్కర్ 1924 జులైలో స్థాపించిన సంస్థ పేరు బహిష్కృత హితకారిణి సభ. 1927లో మొదలుపెట్టిన పత్రిక పేరు బహిష్కృత భారత్. రౌండ్ టేబుల్ సమావేశానికి అణగారిన వర్గాల తరఫున ఇచ్చిన పత్రంలో, సాంఘిక బహిష్కరణను నేరంగా శిక్షించాలని ఆయన కోరారు. అందుకు 1922 నాటి బర్మా బహిష్కరణ నిరోధక చట్టంలోని నిబంధనలనే నమూనాగా తీసుకున్నారు. అస్పృశ్యులు హక్కు అడిగిన ప్రతిసారీ ఊరు ఎత్తే ఆయుధం ఇదేనని ఆయనకు తెలుసు.

మొదటి రకానికి పరిచయం మందు. రెండో రకానికి పరిచయం చాలదు. వెలికి గురైన మనిషికి ఊళ్లో అందరూ పరిచయమే, చిన్ననాటి నుంచీ పేరుపేరునా తెలిసినవాళ్లే. కాబట్టి ఏ సాధనాన్ని చూసినా మనం అడగాల్సింది, ఇది ఎంతమందిని పరిచయం చేస్తుంది అని కాదు. మాట్లాడటానికి ఉన్న భయాన్ని ఇది తగ్గిస్తుందా అని.

భోజనాల గదిలో పుట్టిన యాప్

2016లో అమెరికాలోని కాలిఫోర్నియాలో నటాలీ హాంప్టన్ అనే 16 ఏళ్ల విద్యార్థిని 'సిట్ విత్ అస్' అనే యాప్ తయారు చేసింది. అంతకుముందు చదివిన బడిలో ఆమె తోటివాళ్ల వేధింపులకు గురైంది, మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని తినేది. బడి మారాక స్నేహితులు దొరికారు గానీ, ఒంటరిగా తినే పిల్లలు ఆమె కళ్లముందు కనిపిస్తూనే ఉన్నారు. ఈ యాప్‌లో కొందరు విద్యార్థులు మా బల్ల దగ్గర ఎవరైనా కూర్చోవచ్చు అని ముందే ప్రకటిస్తారు. ఒంటరిగా ఉన్నవాళ్లు ఫోన్‌లో ఆ బల్ల ఏదో చూసుకుని నేరుగా వెళ్లి కూర్చుంటారు.

ఇందులో పెద్ద సాంకేతికత లేదు. ఉన్నదల్లా ఒక ఎరుక. అందరి ముందూ వెళ్లి, ఇక్కడ కూర్చోవచ్చా అని అడిగి కాదనిపించుకోవడం, ఒంటరిగా తినడం కన్నా ఎక్కువ అవమానం. యాప్ ఆ అడగడాన్ని తీసేసింది. రమ్మనే బాధ్యతను బల్ల దగ్గరున్నవాళ్ల మీద పెట్టింది.

మన దగ్గర ఈ మాట వినగానే సహపంక్తి భోజనం గుర్తుకొస్తుంది. ఆ పోలిక దగ్గరే తేడా కూడా తెలుస్తుంది. కాలిఫోర్నియా బల్ల దగ్గరికి వెళ్లిన పిల్లను ఇంటిపేరు అడిగి ఎవరూ లేపరు. మన దగ్గర పేరు నమోదు చేయగానే, చాలాసార్లు ఇంటిపేరే కులం చెప్పేస్తుంది. సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఒకే రకం అర్హతలున్న ఉద్యోగ దరఖాస్తులను వేర్వేరు పేర్లతో కంపెనీలకు పంపి చూశారు. దళిత పేర్లున్న దరఖాస్తులకు పిలుపులు తక్కువ వచ్చాయి. పేరు చూసి ఉద్యోగానికి పిలవని సమాజం పేరు చూసి భోజనానికి పిలుస్తుందా?

మన పంక్తిని మార్చింది యాప్ కన్నా ఎక్కువగా ఆదేశం. 2004 ఏప్రిల్ 20న సుప్రీంకోర్టు, పీయూసీఎల్ వేసిన ఆహార హక్కు కేసులో, మధ్యాహ్న భోజనం వండేవాళ్ల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలని చెప్పింది. వంటమనిషి దళిత మహిళ అయితే బడిలోని పిల్లలందరూ ఆమె చేతి అన్నం తినాలి. దాన్ని కాదన్న ఊళ్లు ఇప్పటికీ ఉన్నాయి. కానీ కాదనడం కోర్టు మాటకు ఎదురు నిలవడం అయింది. సాధనం వెనక ఆదేశం ఉండటం అంటే ఇదే.

మాటల అరుగు ఎలా పనిచేస్తుంది

మనకు ఇంకా దగ్గరగా వచ్చే ఆవిష్కరణ మాటతో నడిచేది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేస్తున్న నీల్ పటేల్, మరికొందరు పరిశోధకులతో, గుజరాత్‌లోని డెవలప్‌మెంట్ సపోర్ట్ సెంటర్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి 'అవాజ్ ఓటలో' అనే ఫోన్ వేదికను తయారు చేశారు. గుజరాతీలో ఓటలో అంటే ఇంటిముందు అరుగు. అవాజ్ ఓటలో అంటే మాటల అరుగు. 2009 జనవరి నుంచి జులై వరకు 51 మంది రైతులతో దాన్ని నడిపి చూశారు.

దీనికి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, చదువు అక్కర్లేదు. డబ్బా ఫోన్ చాలు. ఒక నంబరుకు ఫోన్ చేస్తే రికార్డు చేసిన గొంతు పలుకుతుంది: ప్రశ్న అడగాలంటే ఒకటి నొక్కండి, ఇతరుల ప్రశ్నలు వినాలంటే రెండు నొక్కండి. గ్యాస్ బుకింగ్‌కు, బ్యాంకు నిల్వ తెలుసుకోవడానికి మనం రోజూ వాడే పద్ధతే ఇది, దీన్నే ఐవీఆర్ అంటారు. బ్యాంకు ఐవీఆర్‌లో మనం వినేవాళ్లమే. ఈ అరుగు మీద చెప్పేవాళ్లం కూడా మనమే. నీ గొంతు రికార్డయి అందరికీ వినిపిస్తుంది, విన్నవాళ్లు తమ గొంతుతో జవాబిస్తారు. ఆ ఏడు నెలల్లో రైతులు అన్నిటికన్నా ఎక్కువగా వాడింది ఈ ప్రశ్న, జవాబుల భాగాన్నే.

తరువాత ఇదే బృందం చేసిన మరో అధ్యయనం ఇంకా ఆసక్తికరం. ఎవరి సలహా నమ్ముతారని అడిగితే రైతులు శాస్త్రవేత్తల పేరే చెప్పారు. ఒకే రకం సలహాను కొన్నిసార్లు శాస్త్రవేత్త గొంతుతో, కొన్నిసార్లు తోటి రైతు గొంతుతో వినిపించి చూస్తే, తోటి రైతు గొంతు విన్నప్పుడే ఎక్కువమంది స్పందించారు. తనలాంటి మనిషి గొంతుకు ఉన్న బలం అది. వెలివేతను ఎదుర్కొని నిలబడిన ఇంకో ఊరి దళిత మహిళ మాట, ఏ అధికారి ప్రకటన కన్నా ఎక్కువ ధైర్యం ఎందుకు ఇస్తుందో దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

దీని కింద పనిచేసే సాఫ్ట్‌వేర్ సంగతి కూడా విద్యార్థులు తెలుసుకోవాలి. ఇలాంటి వేదికలు కట్టేవాళ్లు ఎక్కువగా ఆధారపడే ఉచిత సాఫ్ట్‌వేర్లలో ఒకటి 'ఆస్టరిస్క్'. దాన్ని 1999లో రాసిన మార్క్ స్పెన్సర్ అప్పుడు అమెరికాలోని ఆబర్న్ విశ్వవిద్యాలయ విద్యార్థి. తన చిన్న కంపెనీకి ఫోన్ ఎక్స్చేంజ్ కొనే డబ్బు లేక తానే రాసుకున్నాడు, రాసి అందరికీ ఇచ్చేశాడు. కొనలేనివాళ్లు కట్టుకున్న సాధనం కొనలేనివాళ్లందరికీ పనికొచ్చింది.

స్వర నుంచి భైంసా దాకా

మాటల అరుగు వార్తగా మారింది ఛత్తీస్‌గఢ్‌లో. బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి 2010లో 'సీజీనెట్ స్వర' మొదలుపెట్టారు. దాని సాంకేతికతకు మూలం అమెరికాలోని ఎంఐటీలో జరిగిన 'ఆడియో వికీ' పని. అక్కడ డాక్టరేట్ చేసి మైక్రోసాఫ్ట్ పరిశోధన విభాగం కోసం బెంగళూరుకు వచ్చిన బిల్ థీస్ దీనికి తోడయ్యారు. ఆదివాసులు ఫోన్ చేసి తమ సమస్యను తమ భాషలో చెబుతారు. సంపాదకులు విని, సరిచూసి, విడుదల చేస్తారు. మిస్డ్ కాల్ ఇస్తే వేదికే తిరిగి ఫోన్ చేసే పద్ధతి వచ్చాక చెప్పేవాళ్లకు పైసా ఖర్చు లేకుండా పోయింది. రేషన్ రాలేదని, ఉపాధి హామీ కూలి అందలేదని, బోరింగు పాడయిందని చెబుతూ, సంబంధిత అధికారి నంబరు కూడా చెప్పేవారు. విన్నవాళ్లు ఎక్కడెక్కడినుంచో ఆ అధికారికి ఫోన్లు చేసేవారు. పల్లెలో ఒంటరిగా ఉన్న ఒక గొంతుకు, ముఖం తెలియని వందల గొంతులు తోడైన తీరు అది.

ఈ వేదికకు గోండీ భాష ముఖ్యం. గోండీ మన ఆదిలాబాద్ భాష కూడా. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. కాబట్టి లిపి ఫోన్‌లోకి వచ్చింది. అయితే లిపి రాని అవ్వకు అక్షరం కన్నా గొంతే దగ్గర దారి. భైంసా సంగతి ఇంకా చిక్కు. పత్తి మార్కెట్ యార్డులో, జిన్నింగ్ మిల్లుల దగ్గర తెలుగు, మరాఠీ, ఉర్దూ, లంబాడీ కలిసే వినిపిస్తాయి. మాల, మాదిగలతో పాటు మహార్, మాంగ్ కులాలవాళ్లూ ఇక్కడి దళితులే. వీళ్లలో చాలామందికి ఇంటి మాట మరాఠీ, బడి భాష తెలుగు. రాతమీద నడిచే యాప్ ఏ లిపిలో చేసినా కొందరిని బయటే నిలబెడుతుంది. గొంతు మీద నడిచే అరుగుకు ఆ చిక్కు తక్కువ.

ఇంకో కారణం కూడా ఉంది. భైంసాలో 2020 జనవరి 12 రాత్రి అల్లర్లు చెలరేగాయి. ఆ తరువాత ఇంటర్నెట్ సేవలు ఆపేశారు. అంతకు రెండు రోజుల ముందే, జనవరి 10న, అనురాధా భసీన్ కేసులో సుప్రీంకోర్టు ఇంటర్నెట్ నిలిపివేతకు హద్దులు పెట్టింది. నిలిపివేత ఉత్తర్వులు ప్రచురించాలి, గడువు లేకుండా ఆపడం కుదరదు అని చెప్పింది. 2021 మార్చిలో భైంసాలో మళ్లీ గొడవలు, మళ్లీ ఆంక్షలు. నెట్ పోయిన రోజు వాట్సాప్ గ్రూపు, యాప్, వెబ్‌సైట్ అన్నీ మూగబోతాయి. మామూలు ఫోన్ కాల్ మీద నడిచేది మిగిలే అవకాశం ఉంది. స్వర బృందం ఇంకో అడుగు వేసి, నెట్‌వర్క్ లేని ఊళ్లలో బ్లూటూత్‌తో ఒక ఫోన్ నుంచి ఇంకో ఫోన్‌కు కార్యక్రమాలు పంచుకునే 'బుల్టూ రేడియో' నడిపింది. భైంసా లాంటి పట్టణంలో ఏ సాధనం కట్టినా ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇది: నెట్ ఆగిన రోజు ఇది పలుకుతుందా?

అరుగు మీదికీ కులం ఎక్కుతుంది

అరుగు అన్న మాట అందంగానే ఉంది. కానీ మన ఊళ్లలో అరుగు ఎవరిది? దాని మీద ఎవరు కూర్చున్నారు, ఎవరు చెప్పులు చేతపట్టుకుని దాని ముందు నుంచి నడిచారు? ఫోన్‌లో కట్టిన అరుగుకు కూడా ఈ ప్రశ్న తప్పదు.

మొదటిది, సంపాదకుడి కులం. రికార్డయిన ప్రతి గొంతూ బయటికి రాదు, ఎవరో విని ఎంపిక చేస్తారు. ఒక దళిత మహిళ పేర్లు పెట్టి చెప్పిన మాటను, ఇది వ్యక్తిగత గొడవ అని తీసి పక్కన పెట్టే అధికారం ఆ చేతిలో ఉంటుంది. దీనికి ఒక విరుగుడు వెతికినవాడు ఆదిత్య వశిష్ఠ. వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ విద్యార్థిగా ఉన్నప్పుడు, 'సంగీత్ స్వర' అనే వేదికను నడిపి, ఏది ముందు వినిపించాలో ఫోన్ చేసినవాళ్లే ఓటుతో తేల్చుకునేలా చేశాడు. పాటలు, కవితలు పంచుకునే ఆ వేదికను అందరికన్నా ఎక్కువగా సొంతం చేసుకున్నది అంధులు. వాళ్లకు అది స్నేహాల చోటయింది. సంపాదకుడు లేకుండా ఒంటరి మనుషులు తమ చోటు తాము నడుపుకోగలరని అది చూపించింది.

రెండోది, అదే అనుభవం చూపించిన చేదు. ఇలాంటి వేదికల్లో ఆడవాళ్లు చాలా తక్కువ. మాట్లాడిన ఆడవాళ్లకు బెదిరింపులు, వెకిలి మాటలు, బ్లాక్‌మెయిల్ ఎదురయ్యాయని వశిష్ఠ, ఆయన సహ పరిశోధకులు 2019లో రాశారు. ఓటుతో నడిచే చోట మెజారిటీదే రాజ్యం. దళిత మహిళ గొంతును మెజారిటీ ఓటుకు వదిలేయలేం. కాపలా కావాలి. ఆ కాపలా ఎవరిది అన్నదే రాజకీయం.

మూడోది, గొంతే గుర్తింపు. పల్లెలో పేరు దాచవచ్చు, గొంతు దాగదు. రెండు ముక్కలు వినగానే ఇది ఫలానా వాళ్ల కోడలు అని చెప్పేస్తారు. దీనికి అనుకోని చోట ఒక పరిష్కారం ఉంది. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ డాక్టరేట్ విద్యార్థి ఆఘా అలీ రజా తన గురువు రోనీ రోజెన్‌ఫెల్డ్‌తో కలిసి పాకిస్తాన్‌లోని లాహోర్‌లో 'పాలీ' అనే ఫోన్ ఆట మొదలుపెట్టాడు. నీ గొంతును మార్చి, తమాషాగా చేసి, స్నేహితులకు పంపుతుంది. 2012లో అది ఏ ప్రచారం లేకుండా ఫోన్ నుంచి ఫోన్‌కు పాకింది, ఏడాదిలో లక్ష మందికి పైగా చేరింది. ఆ తమాషా వెనకే చదువురాని కూలీలకు ఉద్యోగ ప్రకటనలు వినిపించారు. నవ్వుల కోసం చేసిన ఆ గొంతు మార్పిడిని, వెలివేత గురించి చెప్పే మనిషికి రక్షణగా వాడొచ్చు.

నాలుగోది డబ్బు. మిస్డ్ కాల్ ఇచ్చేవాడికి ఖర్చు లేదు గానీ తిరిగి చేసే ప్రతి నిమిషానికి ఎవరో కట్టాలి. పరిశోధన నిధులు అయిపోయిన రోజు నంబరు మూగబోతుంది. పీహెచ్‌డీ పూర్తి చేసిన విద్యార్థి వెళ్లిపోతాడు, ఫోన్ చేసిన మనిషి అక్కడే ఉంటుంది. ధైర్యం చేసి మాట్లాడిన మనిషిని మధ్యలో వదిలేయడం, అసలు మాట్లాడించకపోవడం కన్నా ప్రమాదం.

మనవాళ్లు ముందే కట్టుకున్నవి

సాంకేతికత ఎప్పుడూ బయటినుంచే వస్తుందని అనుకోనక్కర లేదు. జహీరాబాద్ దగ్గర దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళలు, 2008 అక్టోబర్ 15న 'సంఘం రేడియో' ప్రసారం మొదలుపెట్టారు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ దాని గొంతులుగా పేరు పొందారు. స్వచ్ఛంద సంస్థలు కమ్యూనిటీ రేడియో పెట్టుకోవడానికి కేంద్రం 2006లోగానీ ఒప్పుకోలేదు. అనుమతి వచ్చేదాకా ఈ మహిళలు చేతులు ముడుచుకోలేదు. కార్యక్రమాలు రికార్డు చేసి కేసెట్లు పట్టుకెళ్లి సంఘాల సమావేశాల్లో వినిపించారు. విత్తనాల గురించి, పండుగల గురించి, ఆడవాళ్ల ఆరోగ్యం గురించి తమ యాసలో తాము మాట్లాడుకున్నారు. ఇక్కడ సంపాదకులు దళిత మహిళలే. పైన చెప్పిన మొదటి చిక్కు ఇక్కడ పుట్టనే లేదు.

హైదరాబాద్ ఇఫ్లూలో పరిశోధక విద్యార్థిగా ఉన్న రవిచంద్రన్ 'దళిత్ కెమెరా' మొదలుపెట్టినప్పుడు చేతిలో ఉన్నది చిన్న కెమెరా, ఒక యూట్యూబ్ ఛానల్. ఆయన కొత్త యంత్రం కనిపెట్టలేదు. పత్రికలు, టీవీలు రికార్డు చేయని దళితుల మాటను పూర్తి నిడివితో పెట్టాలన్న పద్ధతిని కనిపెట్టారు. క్యాంపస్‌లో ఒంటరిగా ఉన్న విద్యార్థికి, నాలాంటివాళ్లు ఇంతమంది ఉన్నారా అన్న ఎరుక ఆ వీడియోలు ఇచ్చాయి.

క్యాంపస్ వెలి కూడా ఊరి వెలి లాంటిదే. ఎయిమ్స్‌లో వివక్షపై 2007లో నివేదిక ఇచ్చిన థోరట్ కమిటీ, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులు హాస్టల్‌లో కొన్ని అంతస్తులకే పరిమితమైన తీరును, మెస్‌లో, ఆటల్లో దూరం పెట్టిన తీరును నమోదు చేసింది. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ గదులు ఖాళీ చేయాల్సి వచ్చిన ఐదుగురు దళిత విద్యార్థులు, షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర డేరా వేసి దానికి వెలివాడ అని పేరు పెట్టారు. ఆ ఐదుగురిలో ఒకరైన రోహిత్ వేముల జనవరి 17న మరణించాడు. వెలివాడ అన్న పేరు దేశమంతా వినిపించింది. వెలిని దాచకుండా అందరి కళ్లముందూ నిలబెట్టడం వాళ్లు కనిపెట్టిన పద్ధతి.

చాటింపుకు సాక్ష్యం

వెలివేత కేసులు కోర్టులో నిలబడకపోవడానికి ఒక పెద్ద కారణం, వెలి రాతపూర్వకంగా ఉండదు. చాటింపు గాలిలో కలిసిపోతుంది. జుర్మానాకు రసీదు ఉండదు. దుకాణదారు సామాను లేదంటాడు, ఇవ్వనని చెప్పడు.

2015లో సవరించిన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చింది. దాని సెక్షన్ 3(1)(జెడ్‌సి) ప్రకారం, ఎస్సీ, ఎస్టీ వ్యక్తిని గానీ, కుటుంబాన్ని గానీ, సమూహాన్ని గానీ సాంఘికంగా, ఆర్థికంగా బహిష్కరించడం నేరం. బహిష్కరిస్తామని బెదిరించడం కూడా నేరమే. శిక్ష ఆరు నెలలకు తక్కువ కాకుండా ఐదేళ్ల వరకు, జరిమానాతో పాటు. కూలికి పిలవకపోవడం, వ్యాపార సంబంధాలు తెంచడం లాంటివి ఆర్థిక బహిష్కరణ నిర్వచనంలో ఉన్నాయి. భైంసా నుంచి భోకర్ దారి పట్టి సరిహద్దు దాటితే ఇంకో చట్టం కూడా ఉంది. మహారాష్ట్ర 2016లో సాంఘిక బహిష్కరణ నిరోధానికి ప్రత్యేక చట్టం చేసింది, అది 2017 జులైలో అమల్లోకి వచ్చింది. కులంతో సంబంధం లేకుండా ఎవరు ఎవరిని వెలివేసినా మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా పడొచ్చు. తెలంగాణలో అలాంటి ప్రత్యేక చట్టం కోసం అడగాల్సిన అవసరం ఉంది.

ఇక్కడ మాటల అరుగు ఇంకో పని చేయగలదు. వెలికి గురైన కుటుంబం ఆ రోజే ఫోన్ చేసి, ఎవరు చాటింపు వేశారు, ఏ దుకాణం ఇవ్వనన్నది, ఏ తేదీ, ఏ సమయం అన్నది చెబితే, తేదీ సమయాలతో సహా అది నమోదవుతుంది. నెలల తరువాత పోలీసు స్టేషన్‌లో గుర్తు తెచ్చుకుని చెప్పే మాట కన్నా, ఆ రోజు పలికిన మాటకు బరువు ఎక్కువ. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలోని సెక్షన్ 63, ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టే పద్ధతి చెబుతుంది. దానికి తగిన సర్టిఫికెట్ ఇవ్వాలి. అంటే సర్వర్ నడిపే బృందం రికార్డులను మార్చకుండా, చెరపకుండా భద్రపరచాలి. లాయర్‌ను ముందే పక్కన పెట్టుకోవాలి.

గరగపర్రును గుర్తు చేసుకుందాం. పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆ ఊళ్లో 2017లో ఇతర నాయకుల విగ్రహాల పక్కన అంబేద్కర్ విగ్రహం పెట్టాలన్నందుకు దళితులను వెలివేశారు. కూలి పనులు ఆగాయి, కౌలు భూములు పోయాయి. రాష్ట్రం మొత్తానికి సంగతి తెలిసేసరికి వారాలు గడిచిపోయాయి. ఆ వారాలను రోజులకు తగ్గించగలిగితే, సాంకేతికత తన పని చేసినట్టే.

బాసర నుంచి భైంసాకు

భైంసా పక్కనే బాసరలో ట్రిపుల్ ఐటీ ఉంది. 2008లో ఏర్పడిన ఆర్జీయూకేటీకి చెందిన ఈ క్యాంపస్‌కు పదో తరగతి పాసైన పల్లె పిల్లలే ఎక్కువగా వస్తారు. ప్రభుత్వ బడుల్లో చదివినవాళ్లకు ప్రవేశంలో అదనపు మార్కులు కలుస్తాయి. వెలివేత ఎలా ఉంటుందో తెలిసిన ఇళ్లనుంచి వచ్చి, సాఫ్ట్‌వేర్ రాయడం నేర్చుకునే పిల్లలు ఇంతమంది ఒకేచోట ఉండటం అరుదు. 2022 జూన్‌లో కనీస సౌకర్యాల కోసం ఆ విద్యార్థులు వేలమంది వారంపాటు కూర్చుని, నాయకులు లేకుండానే కలిసి నిలబడటం ఎలాగో చూపించారు. నలుగురు స్నేహితులు, ఒక పాత కంప్యూటర్, ఒక ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మాటల అరుగు కట్టొచ్చు.

కట్టేవాళ్లు ముందు కొన్ని సంగతులు తేల్చుకోవాలి. పేరు, ఇంటిపేరు అడగకుండా నడవాలి. నంబర్లు ఎవరి దగ్గర ఉంటాయో, ఎన్ని రోజులు ఉంటాయో వాడలో కూర్చుని చెప్పాలి. గొంతు మార్చుకునే వీలుండాలి. సంపాదకుల్లో దళిత మహిళలు సగానికి తగ్గకూడదు. తెలుగుతో పాటు మరాఠీలో పలకాలి. మొదటి కాల్ రావడానికి ముందే లాయర్, సంఘం, కనీసం రెండేళ్ల ఖర్చు చూసుకోవాలి. ఫోన్ చేసిన మనిషికి 14566 గురించి చెప్పాలి. 2021 డిసెంబరులో కేంద్రం మొదలుపెట్టిన అత్యాచారాల నిరోధక జాతీయ హెల్ప్‌లైన్ అది, ఉచితం. అక్కడ ఫిర్యాదు నమోదు చేశాక దాని సంఖ్యను అరుగు మీద చెబితే, ఆ ఫిర్యాదును వందమంది కనిపెట్టి చూస్తారు.

అన్నిటికన్నా ముఖ్యం, అరుగు వెలికి గురైన వాళ్లకోసం మాత్రమే కాకూడదు. చాటింపు విని భయపడి తలుపేసుకున్న పక్కింటామె కూడా ఫోన్ చేయగలగాలి. ఆ అర్ధరాత్రి ఆమె పేరు చెప్పకుండా, గొంతు మార్చుకుని, ఈ వెలి నాకు ఇష్టం లేదు అని ఒక్క మాట చెప్పిందనుకుందాం. ఇంకో ఇంటినుంచి ఇంకొకరు అదే చెప్పారనుకుందాం. అలా ఇరవై గొంతులు పోగయ్యాయని ఊరందరికీ తెలిస్తే, జుర్మానా వేసేవాళ్లు ఎంతమంది దగ్గర వసూలు చేస్తారు? వెలివేత బలమంతా, ఇందులో నేనొక్కడినే వేరుగా ఆలోచిస్తున్నాను అని ప్రతి మనిషీ అనుకోవడంలో ఉంది. ఆ లెక్క తప్పని చూపించే పని యంత్రం చేయగలదు. ఆ తరువాత పగటిపూట గడప దాటి వెలికి గురైన ఇంటికి వెళ్లి కూర్చోవడం, అక్కడ చాయ్ తాగడం మాత్రం మనుషులే చేయాలి.